సీరియల్లో ఓటు కథ రాయబోతున్న అమ్మాయికి

అమ్మాయ్,

నీ మెసేజ్ చూశాను. ఎన్నికలొస్తున్నాయి కదా, ఓటు మీద ఓ నాలుగు ఎపిసోడ్లు రాయమని ఛానెల్ వాళ్లు అడిగారని, నువ్వేమో తాతగారి పాత్ర చేత అరుగు మీద చిన్న ప్రసంగం ఇప్పిద్దామనుకుంటున్నావని. వద్దమ్మా. తాతగారు గొంతు సవరించుకునేసరికే జనం కూర కలపడానికి వంటింట్లోకి వెళ్లిపోతారు.

1984లో దూరదర్శన్‌లో హమ్‌లోగ్ సీరియల్ మొదలైనప్పుడూ ఇదే గొడవ. తొలి ఎపిసోడ్లలో కుటుంబ నియంత్రణ పాఠం ఎక్కువై చూసేవాళ్లు విసుక్కున్నారు. పాఠం తగ్గించి ఇంటి కథ పెంచాకే అది అందరిదీ అయింది. చెప్పాల్సిందేదో చివర్లో నటుడు అశోక్ కుమార్ వచ్చి కాస్త చెప్పి వెళ్లేవారు.

నీ సీరియల్లో అసలు గొడవేంటి? పెళ్లై ఏడాదైనా కోడల్ని ఆ ఇంటి మనిషిగా చూడకపోవడం. ఇంక ఓటు కోసం వేరే ట్రాక్ ఎందుకు, ఆ అమ్మాయి ఓటు ఇంకా పుట్టింటి ఊళ్లోనే ఉందని రాయి, మన ఇళ్లల్లో ఎంతమంది ఆడపిల్లల సంగతి అదే కాదూ, బస్సు ఛార్జీలూ పిల్లల బడీ అత్తగారి మొహమూ చూసి ఆగిపోతారు. ఫారం 8 పెడితే ఓటు కొత్త చిరునామాకు మారుతుంది. ఆధార్‌లో ఇంకా పుట్టింటి అడ్రసే ఉంది కాబట్టి కరెంటు బిల్లు అడుగుతుంది, అత్త "బిల్లు మా ఆయన పేరు మీదుంది, నీకెందుకే" అంటుంది. ఎపిసోడ్ అక్కడ ఆపెయ్. మర్నాడు బీఎల్‌వోగా, అంటే ఆ బూత్ ఓటర్ల జాబితా చూసే మనిషిగా, అంగన్‌వాడీ టీచర్ విచారణకని గుమ్మంలోకి వస్తుంది, ఈ అమ్మాయి ఈ ఇంట్లోనే ఉంటోందా అని అత్తనే అడుగుతుంది. అవునని ఆవిడ నోటితో అనాలి. ఏడాదిగా నువ్వు రాయలేకపోయిన సీన్ అది.

మరిదికి కొత్త ఓటు కోసం ఫారం 6 చాలు. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ ఒకటో తేదీల్లో ఏ నాటికి 18 నిండినా నమోదుకు లెక్కే, ఏడాదంతా ఆగక్కర్లేదు. ఒక్క డైలాగ్‌లో తేల్చెయ్.

బూత్ ఎపిసోడ్ మాత్రం తీరిగ్గా రాయి. అత్తగారు పట్టుచీర కట్టుకుని వెళ్తే ఆవిడ ఓటు అప్పటికే ఎవరో వేసేసి ఉంటారు. అందరూ ఇంటికి పొమ్మంటారు. కోడలు మాత్రం టెండర్డ్ ఓటు అడగమంటుంది. తానెవరో అధికారికి రుజువు చేసుకుంటే మిషన్ మీద కాదు, కాగితం బ్యాలెట్ ఇస్తారు, దాన్ని విడిగా కవర్లో పెడతారు. ఆ ఓటుతో విలన్ ఓడిపోయాడని మాత్రం రాయకు, మామూలు లెక్కింపులో అది కలవదు, తేడా బాగా తక్కువై కోర్టుకెక్కితేనే దాని అవసరం. అలాంటిదీ జరిగింది: 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో కాంగ్రెస్ నేత సి.పి. జోషి ఒక్క ఓటుతో ఓడిపోయారు, ఆ కేసు టెండర్డ్ ఓట్ల మీదే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

సిరా ఎడమ చూపుడు వేలికి పెట్టించు, మన డైరెక్టర్లకు ఏ వేలైనా ఒకటే. ఓటు ఎవరికి పడిందో చూపించే వీవీప్యాట్ మిషన్ అద్దం వెనక చీటీ 7 సెకన్లు కనబడుతుంది, అంతసేపూ క్లోజప్ పెట్టమను. మనవాళ్లు తల తిప్పడానికే అంతకన్నా ఎక్కువ టైమ్ తీసుకుంటారు, కాబట్టి భయం లేదు.

ఇక డబ్బు సంగతి. ఓటుకి నోటు తీసుకున్న పనిమనిషిని కామెడీ చెయ్యకు, చూసేవాళ్లలో ఆవిడా ఉంటుంది. అలాగని "తీసుకో, నీకు నచ్చినోళ్లకే వెయ్యి" అని హీరోయిన్ చేత అనిపించకు, జనం చప్పట్లు కొడతారు గానీ చట్టంలో ఇచ్చినవాడితో పాటు తీసుకున్నవాళ్లదీ నేరమే. ఆ డబ్బు అవసరం ఎందుకొచ్చిందో ఒక సీన్ చూపించు, తీర్పు చెప్పకు.

మిషన్ మీద గుర్తులు మీరే కల్పించుకోండి, నిజం పార్టీల వాటికి దగ్గరగా కూడా ఉండకూడదు. కాస్ట్యూమ్స్ వాళ్లకూ చెప్పు, బూత్ సీన్లో పసుపు, గులాబీ చీరలు వద్దని, ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు అవి పార్టీ రంగులని ఎవరో ఒకరు స్క్రీన్‌షాట్ తీసి ఫిర్యాదు పెడతారు. పోలింగ్ ముందు 48 గంటల్లో ఏం వెయ్యొచ్చో ఛానెల్ లాయర్‌ని ఇప్పుడే అడగమను, ఎడిట్ అయిపోయాక కాదు. బూత్ సీన్ రాశాక నాకు పంపు.

మీ పెదనాన్న