కొత్త కారు మొరాయిస్తే: శ్రావణికి పెదనాన్న ఉత్తరం

చి. శ్రావణికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

నీ కొత్త కారు నడుస్తూ నడుస్తూనే ఆగిపోతోందనీ, లోపమున్న కొత్త కారు కొన్నవాళ్లను ఆదుకునే లెమన్ లా అనే చట్టం కింద డబ్బు రాబట్టడానికి లాయరు లేకుండా నువ్వే పూనుకున్నావనీ మీ నాన్న ఫోనులో చెప్పినప్పుడు, గర్వమూ గాభరా ఒక్కసారే కలిగాయి. బ్రిడ్జ్‌వాటర్ గుడిలో నిమ్మకాయలు తొక్కించిన బండే ఇక్కడివాళ్ల భాషలో నిమ్మకాయ (లెమన్ అంటే వాళ్లకు లోపాలపుట్ట బండి) అయిందని మీ పెద్దమ్మ నవ్వింది గానీ, నాకు నవ్వు రాలేదు.

మన న్యూజెర్సీలో కారు చేతికొచ్చిన రెండేళ్లలోపు లేదా 24,000 మైళ్లలోపు, ఏది ముందైతే ఆలోపు, తెలియజేసిన లోపానికే ఈ చట్టం పనికొస్తుంది. ఒకే లోపం మూడుసార్లు బాగుచేసినా పోకపోతేనో, మొత్తంమీద 20 రోజులు బండి రిపేరులోనే ఉండిపోతేనో అడగవచ్చు. ప్రాణం మీదికి తెచ్చే లోపమైతే ఒక్కసారి చూపించినా చాలు. నీది ఆ కోవలోదేనని నా అభిప్రాయం.

ఇక నేను చేసిన తప్పు విను. నీకు నాలుగేళ్లప్పుడు నేను కొన్న కారుకూ ఇదే జబ్బు. డీలర్ దగ్గర సర్వీసు కౌంటర్లో ఉండే పెద్దమనిషి పేరు పెట్టి పలకరించి, కాఫీ ఇచ్చి, "వారంటీ పనే కదా, మీరు కట్టేదేమీ లేదు, కాగితమెందుకు?" అనేవాడు. అంత మర్యాదస్తుణ్ణి కాగితం అడిగితే అనుమానించినట్టు ఉంటుందని మొహమాటపడ్డాను. నాలుగుసార్లు వెళ్లాను, తీరా చూస్తే వారి లెక్కలో ఉన్నది ఒక్కసారే, అదీ "లోపం కనబడలేదు" అన్న ముక్కతో. పైగా నేను రాసిన ఫిర్యాదు డీలర్‌కు, అదీ మామూలు స్టాంపు అంటించి. ఆ తగాదా నడుస్తుండగానే ఒక వానరాత్రి రూట్ 1 మీద, ట్రక్కుల మధ్య, ఇంజిన్ ఆగిపోయింది. వెనకసీట్లో నిద్రపోతున్నది నువ్వే. నీకు గుర్తుండదు, హజార్డ్ లైట్ల టిక్కుటిక్కు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

అందుచేత పైసా కట్టకపోయినా ప్రతిసారీ రిపేర్ ఆర్డర్, అంటే నువ్వు చెప్పిన లోపమూ వాళ్లు చేసిన పనీ రాసిన కాగితం, అడిగి తీసుకో. బండి ఇచ్చిన తేదీ, తీసుకున్న తేదీ, ఓడోమీటర్ అంకె ఉన్నాయో లేదో కౌంటర్ దగ్గరే నిలబడి చదువు. "ఏదో ఇబ్బంది అంటున్నారు" అని రాస్తే ఒప్పుకోక, "నడుస్తుండగా ఇంజిన్ ఆగిపోతోంది" అని రాయించు. డబ్బు వాపసు ఇచ్చేటప్పుడు వాడకం కింద కోసుకునేది మొదటిసారి బండి చూపించిన నాటి మైళ్లను బట్టే గనుక, మొట్టమొదటి కాగితాన్ని మరీ జాగ్రత్త చెయ్యి. బాగుచేయడానికి చివరి అవకాశం ఇస్తూ రాసే ఉత్తరం డీలర్‌కు కాదు, తయారీ కంపెనీకే, సర్టిఫైడ్ మెయిల్‌లో రిటర్న్ రిసీట్ (అందినట్టు సంతకం చేసే రసీదు) పెట్టి పంపు. అందిన నాటినుంచి వారికి 10 రోజుల గడువు. సంతకమై తిరిగొచ్చే ఆకుపచ్చ కార్డు పోగొట్టుకోకు. అప్పటికీ దారికి రాకపోతే రాష్ట్ర కన్స్యూమర్ అఫైర్స్ వారి లెమన్ లా యూనిట్‌కు దరఖాస్తు పెట్టు.

ఇన్ని తెలిసినదానివి, ఆ బండిలోనే రాత్రిపూట పార్క్‌వే మీద ఒంటరిగా వస్తున్నావట! అది బుద్ధున్న పనేనా తల్లీ? శనివారం మీ నాన్నను వెంటబెట్టుకుని వచ్చి పెద్దమ్మ కారు తీసుకువెళ్లు. ట్యాంకు నింపించి ఉంచాను.