టెన్షన్ ఉద్యోగానిదా, వీసాదా?

"అన్నా, రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. పని ఎక్కువైంది, ఎప్పుడు తీసేస్తారో తెలియదు. ఏం చేయాలి?" కొత్తగా హెచ్-1బీ వర్క్ వీసా మీద అమెరికా వచ్చిన ఐటీ పిల్లలు ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్నది ఇదే. యోగా చెయ్యండి, పొద్దున్నే నడవండి అని చెప్పి ఊరుకోవచ్చు. నడక మంచిదే, కాదనను. కానీ భయం ఎక్కడ పుడుతోందో చూడకుండా ఎన్ని మైళ్ళు నడిచినా అది మీతోపాటే నడుస్తుంది.

ముందు మీ టెన్షన్‌లో పనిది ఎంత, వీసాది ఎంత అని విడదీసుకోండి. డెడ్‌లైన్ దగ్గరపడితే పక్క సీట్లో ఉన్న అమెరికన్‌కీ చిరాకే. అతనికి అది అక్కడితో అయిపోతుంది. మనవాడికి మాత్రం మేనేజర్ "ఓసారి మాట్లాడాలి" అని మెసేజ్ పెడితే చాలు, ఉద్యోగం మీదే నిలబడ్డ వీసా స్టేటస్, కారు లోను, పిల్లాడి స్కూలు, ఊళ్ళో పరువు అన్నీ ఒక్కసారే కళ్ళముందు తిరుగుతాయి. తీరా వెళ్తే ఆయన అడిగేది వచ్చేవారం సెలవుల గురించి.

ఈ రెండో రకం భయంలో సగం, రూల్ సరిగ్గా తెలియకపోవడం వల్ల వచ్చేదే. వాట్సాప్ గ్రూపుల్లో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. అసలు సంగతి ఇది: ఉద్యోగం పోయిన మర్నాటి నుంచి గరిష్ఠంగా 60 రోజుల గ్రేస్ పీరియడ్, అంటే ఇక్కడే ఉండి వేరే దారి చూసుకునే గడువు, ఉంటుంది. ఇది 2017 జనవరి నుంచి అమల్లో ఉంది. మీ ఐ-94 (ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే కాగితం) గడువు అంతకుముందే తీరిపోతే ఆ రోజుతోనే సరి. మామూలుగా జీతం లెక్కకు వచ్చే ఆఖరి రోజును బట్టి చూస్తారు, సెవరెన్స్ (తీసేసేటప్పుడు ఇచ్చే పరిహారం) డబ్బులు ఇచ్చినంత మాత్రాన గడువు పెరగదు. ఆలోపు ఆఫర్ లెటర్ చేతికి వస్తే చాలదు, కొత్త కంపెనీ మీ పేరున ఇమిగ్రేషన్ వాళ్ళ దగ్గర హెచ్-1బీ పిటిషన్ ఫైల్ చేసేయాలి. ఒకసారి ఫైలయితే అప్రూవల్ దాకా ఆగక్కర్లేదు, పనిలో చేరవచ్చు. ఏదీ కుదరకపోతే గడువు దాటకముందే హెచ్-4కో (హెచ్-1బీ ఉన్నవాళ్ళ భార్యాభర్తల వీసా), బీ-2కో (విజిటర్ వీసా) మార్చమని దరఖాస్తు పెట్టుకునే దారి ఉంది. ఇక గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ అప్రూవై 180 రోజులు దాటినవాళ్ళు, పాత కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంటుందేమోనని కుమిలిపోనక్కర్లేదు. ప్రయారిటీ డేట్ (గ్రీన్‌కార్డ్ క్యూలో మీ స్థానం చెప్పే తేదీ) మీదే, హెచ్-1బీకి ఉండే ఆరేళ్ళ పరిమితి నిండాక పొడిగింపు అడగడానికీ అది పనికొస్తుంది.

ఇవన్నీ ఉద్యోగం ఉన్నప్పుడే ఒక లాయరుతో కూర్చుని మీ కాగితాలకు అన్వయించుకోండి. కంపెనీ లాయరు కాదు, మీరు ఫీజు కట్టుకున్న లాయరు. కంపెనీ లాయరు మంచివాడే కావచ్చు, కానీ ఆయన చూసేది ముందు కంపెనీ మేలు.

కన్సల్టెన్సీ ద్వారా వచ్చినవాళ్ళకు ఇంకో బాధ. ప్రాజెక్టు అయిపోయింది, బెంచ్ మీద ఉన్నావు, జీతం రాదు అంటారు. హెచ్-1బీ మీద అలా కుదరదు. పని చూపించలేకపోవడం యజమాని సమస్య, జీతం ఇచ్చి తీరాలి. ఇవ్వకపోతే లేబర్ డిపార్ట్‌మెంట్‌లో వేజ్ అండ్ అవర్ డివిజన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. పే స్టబ్‌లు (జీతం స్లిప్పులు), ఈమెయిళ్ళు మీ సొంత కంప్యూటర్లో దాచుకోండి.

ఇప్పుడు పని టెన్షన్. మా డాలస్ వైపు చాలామందికి నిద్ర చెడగొట్టేది హైదరాబాద్ టీంతో రాత్రి కాల్స్. వేసవిలో ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర అయితే అక్కడ పొద్దున ఎనిమిది. కాల్ గంట, ఆ తర్వాత బుర్ర చల్లబడటానికి ఇంకో గంట. అదే కాల్ ఇక్కడ ఉదయం ఎనిమిదికి పెడితే అక్కడ సాయంత్రం ఆరున్నర, చలికాలం ఏడున్నర. వాళ్ళకూ మరీ ఇబ్బంది కాదు. అడిగితే చాలా టీంలు ఒప్పుకుంటాయి. మనవాళ్ళు అడగరు, అంతే.

ఆన్-కాల్, అంటే సిస్టంలో ఏం తేడా వచ్చినా ఏ వేళైనా లేచి చూసే డ్యూటీ, కూడా అలాంటిదే. రాత్రి రెండింటికి ఫోన్ మోగుతుంది. కళ్ళు నులుముకుంటూ లాప్‌టాప్ తెరిస్తే, ఏదో సర్వర్లో డిస్క్ 80 శాతం నిండిందని అలర్ట్. తెల్లారాక చూసినా సరిపోయేది, కానీ నిద్ర పోయింది కదా. ఆ వారంలో వచ్చిన ప్రతి అలర్టూ రాసిపెట్టండి: ఎన్నింటికి వచ్చింది, లేచి నిజంగా ఏమైనా చేయాల్సి వచ్చిందా. వారం అయ్యాక ఆ పట్టీ టీం ముందు పెట్టి "వీటికి రాత్రిపూట మనిషిని లేపక్కర్లేదు" అనండి. నాకు కష్టంగా ఉందని చెప్పుకోవడం కంటే ఇది బాగా పనిచేస్తుంది.

స్టాండప్‌లో (రోజూ జరిగే చిన్న టీం మీటింగ్) "గురువారానికి అవుతుందా?" అంటే తల ఊపేయకండి. "సోమవారం ఇస్తాను, గురువారమే కావాలంటే టెస్టింగ్ తగ్గించాలి" అనండి. ఇక్కడ దాన్ని ఎదురు చెప్పడం అనుకోరు. సరే అని శుక్రవారం పొద్దున అవలేదని చెప్పడమే అసలు తప్పు.

ఇంత చేసినా గుండె దడ, నిద్రలేమి వారాల తరబడి తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. చాలా కంపెనీల్లో ఈఏపీ అని, ఉద్యోగులకు ఇలాంటి సాయం అందించే ఏర్పాటు ఉంటుంది. కొన్ని కౌన్సెలింగ్ సెషన్లు ఉచితం, ఎవరు వెళ్ళారో మేనేజర్‌కు చెప్పరు. "గ్రీన్‌కార్డ్‌కు అడ్డం వస్తుందేమో" అని ఆగిపోయేవాళ్ళున్నారు. గ్రీన్‌కార్డ్ మెడికల్ పరీక్షలో మానసిక ఆరోగ్యం వరకు చూసేది తనకో ఇతరులకో హాని చేసే ప్రవర్తనతో కూడిన జబ్బులను. ఆందోళనకు కౌన్సెలింగ్ తీసుకున్నంత మాత్రాన అడ్డం రాదు. కంపెనీలో ఏడాది, అందులో 1250 గంటలు పని నిండి, మీ ఆఫీసుకు 75 మైళ్ళ లోపు ఆ కంపెనీకి 50 మంది ఉద్యోగులుంటే, డాక్టర్ సర్టిఫికెట్‌తో ఎఫ్ఎంఎల్ఏ (కుటుంబ, వైద్య సెలవుల చట్టం) కింద 12 వారాల దాకా సెలవు పెట్టవచ్చు. జీతం రాదు గానీ ఉద్యోగానికి రక్షణ ఉంటుంది. బతకాలని లేదనిపించే స్థితి వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, వెంటనే 988కి (ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్) ఫోన్ చేయండి. 24 గంటలూ పలుకుతారు.

భార్య దగ్గరో భర్త దగ్గరో ఇవేవీ దాచకండి. వాళ్ళ హెచ్-4 మీ హెచ్-1బీకే ముడిపడి ఉంది, ఆ 60 రోజులే వాళ్ళకూనూ. లీజు ఎప్పటిదాకా ఉంది, చేతిలో ఎన్ని నెలల ఖర్చుకు డబ్బుంది, ఇద్దరూ కూర్చుని కాగితం మీద పెట్టండి. ఊళ్ళో అమ్మానాన్నలకు అన్నీ చెప్పక్కర్లేదు. కాకపోతే మీ కంపెనీలో లేఆఫ్‌లు అని టీవీలో వచ్చిన రోజు మీరే ముందు ఫోన్ చేసేయండి. లేకపోతే పెదనాన్నగారి అబ్బాయి చేస్తాడు, ఆ తర్వాత మీరు ఏం చెప్పినా నమ్మరు.