క్లేర్‌కి వయొలిన్ తీసుకెళ్తున్న మేనకోడలికి

చిట్టితల్లీ,

ఐర్లండ్‌లోని క్లేర్ కౌంటీలో, ఎనిస్ అనే ఊళ్ళో ఉద్యోగం వచ్చిందనీ, వయొలిన్ కూడా వెంట తీసుకెళ్తున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వయొలిన్ వాయించేవాళ్ళకి ఆ దేశంలో అంతకన్నా మంచి చోటు దొరకదు. పచ్చికబయళ్ళూ రాళ్ళూ సముద్రమే తప్ప చెప్పుకోదగ్గ పట్నాలు పెద్దగా లేని కౌంటీ అది. కానీ సంగీతానికి కొదవ లేదు. కిల్‌ఫెనోరా అనే చిన్న ఊళ్ళో 1909లో పుట్టిన కేలీ బ్యాండ్, అంటే ఐరిష్ నాట్యాలకి వాయించే బృందం, ఇప్పటికీ వాయిస్తోంది.

అక్కడ వేదికా మైకూ కోసం వెతక్కు. పబ్బులో ఓ మూల బల్ల చుట్టూ ఐదారుగురు చేరి వాయించుకుంటారు, దాన్నే సెషన్ అంటారు. మొదటిసారి వెళ్ళినప్పుడు కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉందని కూలబడ్డాను. కాసేపటికి ఓ పెద్దాయన ఫ్లూటు పెట్టె చంకన పెట్టుకుని వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. ఒక్క మాట అనలేదు. పబ్బంతా నా వైపే చూస్తోంది. ఏళ్ళ తరబడి అది ఆయన కుర్చీ అని తర్వాత తెలిసింది. అందుకే మొదటి నెల వయొలిన్ ఇంట్లోనే వదిలేసి, ఊరికే వెళ్ళి విను. ఎవరైనా వాద్యం లేకుండా పాట అందుకుంటే గ్లాసు చప్పుడు కూడా చెయ్యకు. రికార్డు చేసుకోవాలంటే అడిగి చేసుకో.

ఇంటి దగ్గర మాత్రం సాధన మానకు. మన కర్ణాటక పద్ధతిలో తీగలకి పెట్టుకునే స-ప-స-ప శ్రుతి మార్చి, వాళ్ళ జి-డి-ఎ-ఇ పెట్టుకోవాలి. కింద కూర్చుని పాదానికి ఆనించుకునే అలవాటు పోయి, కుర్చీలో గడ్డం కింద పట్టు కుదరాలి. జిగ్ అనే వాళ్ళ నాట్య బాణీ నీకు తేలిగ్గానే వస్తుంది, అది మన తిశ్రమే, తకిట తకిట అనుకో. తిప్పలు పెట్టేది వేరే ఉంది. ఒక్కో ట్యూన్‌కి ఎనిమిదేసి బార్ల (తాళం కొలతల) రెండు భాగాలు, ఒక్కోటి రెండేసి సార్లు, మొత్తం మూడు ఆవృత్తాలయ్యేసరికి ఆగకుండా ఇంకో ట్యూన్‌లోకి దూకేస్తారు. కొత్తవాళ్ళు బోర్లాపడేది అక్కడే. రానిదాన్ని వెతుక్కుంటూ గీకకు, విల్లు ఒళ్ళో పెట్టుకో. గమకాలూ తగ్గించు. రోల్ అనే వాళ్ళ అలంకారం పై స్వరాన్నీ కింది స్వరాన్నీ చిటికెలో తాకి వచ్చేస్తుంది, మన ఊగింపు అక్కడ జారుడులా వినిపిస్తుంది. అక్కడి విద్వాంసుడు మార్టిన్ హేస్ ఫిడిల్ (వయొలినే) వింటే తూర్పు క్లేర్ వాళ్ళ నిదానం తెలుస్తుంది. పరుగు మీద నీకున్న మోజు కూడా కాస్త తగ్గుతుంది!

జూలైలో మిల్‌టౌన్ మాల్బేలో విల్లీ క్లాన్సీ సమ్మర్ స్కూల్ జరుగుతుంది. క్లాన్సీ ఆ ఊరి ఇలన్ పైప్స్ (మోచేత్తో గాలితిత్తి నొక్కి వాయించే ఐరిష్ వాద్యం) విద్వాంసుడు. 1973లో ఆయన పోయిన ఏడాదే మొదలుపెట్టారు. క్లాసులో చేరు. చెవితో నేర్చుకోవడమే పద్ధతి, గురువుగారి ముందు కూర్చుని నేర్చుకున్నదానివి నీకు కొత్తేం కాదు. బస మాత్రం నెలల ముందే చూసుకో.

ఎప్పుడో ఒకరోజు "మీ పాట ఒకటి వినిపించు" అంటారు. ఆలాపన ఎత్తుకోకు. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బాణీలకి సంస్కృతం కట్టిన నొట్టుస్వరాలు నీకు వచ్చు కదా, వాటిలో ఒకటి వాయించి ఆపెయ్. రెండోసారికి వాళ్ళే అందుకుంటారు.

మీ మావయ్య