కొత్త బ్రేకుల్లో గాలి పోవడం లేదా? ముందు నిపుల్ ఎటు చూస్తోందో చూడండి

షెడ్‌లో సొంతంగా కట్టుకున్న బగ్గీకి కొత్త పైపులు, కాలిపర్లు (చక్రం దగ్గర డిస్కుని ప్యాడ్లతో నొక్కి పట్టేవి) వేశారు, లీటరు బ్రేక్ ఆయిల్ పోశారు, అయినా పెడల్ నేలకు దిగిపోతోంది. గబగబా నాలుగుసార్లు కొడితే గట్టిపడుతుంది, కాస్త ఆగితే మళ్లీ మెత్తన. ఇదే కదా మీ సమస్య? కొడితే గట్టిపడి, ఆగితే మెత్తబడుతోందంటే చాలావరకు లోపల గాలే. అలా కాకుండా, నొక్కి పట్టుకున్న పెడల్ కాలి కింద మెల్లగా జారుతోందంటే ఎక్కడో లీకు ఉంది, లేదా మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని పైపుల్లోకి తోసేది) లోపలి రబ్బర్లు పోయాయి. అప్పుడు ఎన్నిసార్లు బ్లీడ్ చేసినా, అంటే ఆయిల్‌తో పాటు గాలిని బయటికి తీసినా, దండగే.

ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో మా టీం బాహా పోటీకి (విద్యార్థులు సొంతంగా బగ్గీలు కట్టి నడిపే పోటీ) బండి కట్టినప్పుడు నాకూ అచ్చం ఇదే జరిగింది. ఇండోర్ దగ్గర పీతంపూర్‌లో పోటీ. అక్కడ బ్రేక్ టెస్టులో నాలుగు చక్రాలూ ఒకేసారి బిగుసుకుపోవాలి, లేకపోతే బండిని రేసుకి వదలరు. మేం పాత మారుతి 800 మాస్టర్ సిలిండర్‌కి కొత్త కిట్ వేసి, నాలుగు చక్రాలకీ బైకు కాలిపర్లు పెట్టాం. బండి లారీ ఎక్కాల్సింది రేపనగా పెడల్ స్పాంజిలా ఉంది. ఒకడు సీట్లో కూర్చుని పంప్ చేయడం, నేను కింద పడుకుని నిపుల్ (కాలిపర్‌కి ఉండే, గాలి, ఆయిల్ బయటికి వదిలే చిన్న స్క్రూ) వదలడం, బిగించడం. సాయంత్రం మొదలుపెడితే అర్ధరాత్రయింది. అర లీటరు డబ్బాలు నాలుగు ఖాళీ. సీసాలోకి వచ్చిన ఆయిల్‌నే పిసినారితనంతో మళ్లీ ట్యాంకులో పోశాం. అదో తప్పు. అందులో సన్న బుడగలు నిండి ఉంటాయి, పైగా ఈ ఆయిల్ గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది.

పొద్దున్నే విజయవాడ ఆటోనగర్ నుంచి తెలిసిన మేస్త్రీని బతిమాలి తీసుకొచ్చాం. ఆయన పానా కూడా పట్టుకోలేదు. ముందు చక్రం దగ్గర వంగి చూసి, "గాలి పైకి పోతుంది బాబూ, నీ నిపుల్ చూస్తే కిందికి ఉంది. ఎట్టా వస్తది?" అన్నారు. బైకు మీద ఆ కాలిపర్ ఒక కోణంలో కూర్చుంటుంది. మేం బ్రాకెట్ కొట్టించుకున్నప్పుడు మా వీలు కోసం దాన్ని తిప్పేశాం. దాంతో నిపుల్ పిస్టన్ గదికి అడుగున పడింది. పైన చేరిన గాలి అక్కడే ఉంది, కింద నుంచి మంచి ఆయిల్ మాత్రం పోతోంది. రాత్రంతా మేం చేసింది అదే. కారు కాలిపర్లయినా ఎడమది కుడికి, కుడిది ఎడమకి వేస్తే ఇలాగే అవుతుంది.

దీనికి బ్రాకెట్ మార్చనక్కర్లేదు. గొట్టం తీయకుండా కాలిపర్ బోల్టులు మాత్రం విప్పండి. ప్యాడ్ల మధ్య డిస్కంత మందం ఉన్న చెక్క ముక్కనో రేకునో గట్టిగా ఇరికించండి. అది లేకుండా పెడల్ నొక్కితే పిస్టన్ బయటికి వచ్చేస్తుంది. నిపుల్ అన్నిటికంటే పైకి వచ్చేలా కాలిపర్‌ని చేత్తో పట్టుకుని, చెక్క సుత్తితో మెల్లగా తడుతూ బ్లీడ్ చేయండి. మాకు మొదటి చక్రంలోనే గొట్టంలోంచి గుడగుడమంటూ గాలి వచ్చింది. ఆ చప్పుడుకి అందరం ఎగిరి గంతేశాం.

రెండో అనుమానం మాస్టర్ సిలిండర్ మీద. పొడిగా ఉన్న కొత్త సిలిండర్‌ని బండికి బిగించేసి పంప్ చేస్తే దానిలోని గాలి ఓ పట్టాన పోదు. దాన్ని విడిగా బల్ల మీది వైస్‌కి (బిగించి పట్టే పనిముట్టు) పట్టించి, రెండు పోర్టుల నుంచి చిన్న గొట్టాలు దాని ట్యాంకులోకే తిప్పి, కొసలు ఆయిల్‌లో మునిగేలా పెట్టి, బుడగలు ఆగేదాకా రాడ్‌ని మెల్లగా తొయ్యాలి. పెడల్ వదిలినప్పుడు రాడ్‌కి కాస్త ఆట కూడా ఉండాలి. అది లేకపోతే లోపలి రంధ్రం మూసుకుపోయి ట్యాంకు నుంచి ఆయిల్ దిగదు. మీది కూడా పాత సిలిండరైతే పెడల్ కింద చెక్క ముక్క పెట్టి పంప్ చేయండి. సిలిండర్‌లో పిస్టన్ ఎప్పుడూ నడవని చివరి భాగంలో తుప్పు ఉంటే కొత్త రబ్బర్లని కోసేస్తుంది.

ఏ చక్రం ముందు బ్లీడ్ చేయాలన్నదాని మీద జనం వాదించుకుంటారు కానీ, నా దృష్టిలో అది పెద్ద విషయం కాదు. ముందు లైను, వెనక లైను వేరుగా ఉంటే దూరంగా ఉన్న చక్రం నుంచి దగ్గరికి రండి, చాలు. ఒక్కటి మాత్రం మరవకండి: పెడల్ కింద ఉండగానే నిపుల్ బిగించాలి, ఆ తర్వాతే కాలు తీయాలి. ట్యాంకు ఖాళీ అయితే మళ్లీ మొదటికే.

జాయింట్ల దగ్గర ప్లంబర్ టేపు చుట్టకండి, బాంజో బోల్టులకి (గొట్టాన్ని కాలిపర్‌కి కలిపే, మధ్యలో రంధ్రమున్న బోల్టులు) కొత్త రాగి వాషర్లు వేయండి. ఫ్రిజ్ రాగి పైపు చవక అని ఎవరైనా చెప్తే వినకండి. విడిభాగాల్ని పెట్రోలుతోనో డీజిల్‌తోనో కడిగితే రబ్బర్లు ఉబ్బిపోతాయి. ఆయిల్ డాట్ 3 గానీ డాట్ 4 గానీ వాడండి. డాట్ 5 సిలికాన్ రకం, వాటిలో కలపకూడదు. ఆయిల్ రంగు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి. మా ఛాసిస్ మీద ఎర్ర రంగు ముడతలు పడి ఊడొచ్చింది, పీతంపూర్‌లో అందరూ అదేం డిజైన్ అని అడిగారు.

అన్నీ అయ్యాక బలమంతా పెట్టి పెడల్‌ని ఒక నిమిషం తొక్కి పట్టుకోండి. ఇంకొకరు ప్రతి జాయింటునీ టిష్యూ కాగితంతో తుడిచి చూడాలి. ఎక్కడా తడి లేకపోతేనే బండి కదిలించండి, అదీ ఖాళీ మైదానంలో, నడక వేగంతో. మాకు టెస్టులో మొదటిసారి వెనకవి మాత్రమే బిగిశాయి, కొత్త ప్యాడ్లు ఇంకా డిస్కుకి ఒరుసుకోలేదు. కాసేపు తొక్కుతూ తిప్పి తెచ్చాక రెండోసారికి నాలుగూ బిగిశాయి.

ముందు ఆ నాలుగు నిపుల్స్ ఎటు ఉన్నాయో చూసి చెప్పండి. అన్నీ పైకే ఉంటే మాస్టర్ సిలిండర్ ఎక్కడ బిగించారో, పెడల్ రాడ్‌కి ఆట ఎంత ఉందో చెప్పండి, అక్కణ్నుంచి వెతుకుదాం.