డీజే మోత తర్వాత చెవిలో హోరు, మాటలు సరిగా అర్థం కాకపోవడం: నా అనుభవం నుంచి సమాధానం

గణేశ్ నిమజ్జనం ఊరేగింపులో డీజే వాహనం పక్కన గంటల తరబడి నడిచిన తర్వాత ఎడమ చెవిలో మొదలైన ఈల మూడు వారాలైనా ఆగలేదనీ, ఆఫీసు కాల్స్‌లో గొంతు వినబడుతున్నా మాట అర్థం కావడం లేదనీ, ఒక డాక్టరు విటమిన్ మాత్రలు రాసి పంపారనీ మీరు రాశారు. ఇది తగ్గుతుందా, తగ్గకపోతే ఎలా బతకాలి, వచ్చే ఏడాది ఊరేగింపుకు వెళ్ళవచ్చా అని అడిగారు. నేను వైద్యుణ్ణి కాను. హైదరాబాద్ బాలానగర్‌లో రేకులు కోసే పవర్ ప్రెస్‌ల మధ్య ఉద్యోగం చేసి, రెండు చెవుల్లోనూ వినికిడి కొంత పోగొట్టుకుని, చాలా ఏళ్ళుగా ఈ హోరుతోనే కాపురం చేస్తున్నవాణ్ణి.

ముందుగా ఒక తొందర పని. రేపే ఒక ఈఎన్‌టీ వైద్యుణ్ణి కలిసి ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ (ఏ శబ్దం ఎంత చిన్నగా ఉన్నా వినబడుతుందో చూసే పరీక్ష), దానితోపాటు మాటలు ఎంతవరకు పోల్చుకోగలుగుతున్నారో చూసే పరీక్ష చేయించుకోండి. హఠాత్తుగా వినికిడి తగ్గినప్పుడు వాడే స్టెరాయిడ్ మందులు తొలి రెండు వారాల్లో ఇస్తేనే ఎక్కువగా పనిచేస్తాయి; ఆ తర్వాత కొన్ని వారాల వరకు కర్ణభేరి వెనక్కి ఇంజెక్షన్‌గా ఇచ్చే పద్ధతి కూడా ఉంది కాబట్టి, అది మీకు అవసరమా కాదా అన్నది వైద్యుడు నిర్ణయించడానికి ఇంకా సమయం మిగిలే ఉంది. పైగా మీ ఈల ఒక్క చెవిలోనే ఉంది. ఒక్క చెవిలోనే హోరు ఉన్నా, అది గుండె లయతో కలిసి కొట్టుకుంటున్నట్లున్నా, తల తిరుగుతున్నా ఇతర కారణాలు లేవని తేల్చుకోవాలి. అందుకు ఒక్కోసారి ఎంఆర్ఐ తీయిస్తారు. కొన్నిసార్లు చెవిలో గట్టిపడిన గులిమి తీసేయగానే సగం బాధ తీరిపోతుంది. అలాగని ఇంట్లో వేడి నూనె పోయించుకోవద్దు. కర్ణభేరికి చిల్లు ఉంటే అది మరో రోగాన్ని తెచ్చిపెడుతుంది.

కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. వినికిడి, మాట లోపాల కోసమే పనిచేసే ఈ సంస్థ ముంబైలో 1983లో ఏర్పడింది. ఈ సంస్థకు ఎవరి పేరు పెట్టారో ఆ పెద్దమనిషి మన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసినవారే అయినా, నగరంలో చాలామందికి ఇక్కడ అలాంటి కేంద్రం ఒకటుందని తెలియకపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

తగ్గుతుందా అన్న ప్రశ్నకు నిజాయితీగా చెప్పగలిగింది ఇంతే. పెద్ద మోత పడిన తర్వాత తాత్కాలికంగా మందగించిన వినికిడి చాలావరకు ఒకటి రెండు రోజుల్లో, కొందరికి కొన్ని వారాల్లో తిరిగి వస్తుంది. అప్పటికీ రానిది శాశ్వతంగా మిగిలిపోయే అవకాశం ఎక్కువ. లోపలి చెవిలో ధ్వనిని నరాలకు అందించే రోమకణాలు ఒక్కో చెవికి సుమారు 15,000 మాత్రమే ఉంటాయి, మనిషిలో అవి చనిపోతే మళ్ళీ మొలవవు. మోత వల్ల వచ్చే నష్టం మొదట 4,000 హెర్ట్జ్ దగ్గర, అంటే సన్నని కీచు శబ్దాల దగ్గర, ఆడియోగ్రామ్‌లో (వినికిడి పరీక్ష ఫలితాన్ని చూపే గీతలో) ఒక గుంటలా కనబడుతుంది. చెవి నుంచి రావలసిన సమాచారం తగ్గడంతో మెదడు తన వైపు నుంచి వాల్యూమ్ పెంచుకుంటుంది. మనకు వినిపించే ఈల చాలావరకు అదేనని ఇప్పుడు ఎక్కువమంది పరిశోధకులు భావిస్తున్నారు. అందువల్ల వినికిడి తిరిగి రాకపోయినా, నెలలు గడిచేకొద్దీ చాలామందిలో మెదడు ఆ శబ్దాన్ని పట్టించుకోవడం తగ్గిస్తుంది. నా విషయంలో జరిగింది అదే: హోరు పోలేదు, దాని పెత్తనం పోయింది.

మీ పరీక్ష నార్మల్ అని వచ్చినా మీ బాధ ఊహ అని ఎవరైనా అంటే నమ్మవద్దు. మామూలు పరీక్ష 8,000 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. 2009లో షారన్ కుజావా, చార్లెస్ లిబర్‌మన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన పరిశోధనలో, మోత తర్వాత వినికిడి స్థాయి పూర్తిగా కోలుకున్నట్టు కనిపించినా రోమకణాలకూ నరానికీ మధ్య ఉండే సంధులు మాత్రం పెద్ద సంఖ్యలో శాశ్వతంగా నశించాయని తేలింది. గోలలో మాట అర్థం కాకపోవడానికి మనుషుల్లోనూ ఇలాంటి నష్టం కారణమై ఉండవచ్చని అనుమానిస్తున్నారు.

ఇక బతకడం సంగతి. ప్రెస్ దెబ్బకు దెబ్బకు రేకు తెగే ఆ షెడ్డులో మాకు ఇచ్చింది దూది మాత్రమే, దూది ఆ మోతను దాదాపు ఏమీ ఆపదు. నాకు హోరు కంటే ముందు ఇంట్లో గొడవలు మొదలయ్యాయి. అచ్చులు తక్కువ పౌనఃపున్యంలో (లోతైన శబ్దాల్లో) ఉంటాయి, స, శ, త, ప, క వంటి హల్లుల పదును ఎక్కువ పౌనఃపున్యంలో (సన్నని శబ్దాల్లో) ఉంటుంది; మోత ముందుగా తినేసేది ఆ పదునునే. అందుకే మనిషి మాట్లాడుతున్నట్టు స్పష్టంగా తెలుస్తుంది, ఏమన్నారో మాత్రం తెలియదు. ‘కారు వచ్చింది’ అంటే సారు ఎవరో వచ్చారనుకుని చొక్కా వేసుకుని బయటికి వెళ్ళిన రోజులున్నాయి. ‘మీకు కావలసినవే వినబడతాయి’ అని నా భార్య అనేది, ఆమెను తప్పుపట్టలేను, బయటి నుంచి చూసేవారికి అది అలాగే కనబడుతుంది. అరిచి చెప్పినా ప్రయోజనం తక్కువే, ఎందుకంటే అరుపులో అచ్చులే మరింత పెరుగుతాయి. పైగా దెబ్బతిన్న చెవికి చిన్న శబ్దం అందదు, పెద్ద శబ్దాన్ని అది భరించలేదు. స్టీలు పళ్ళెం కింద పడితే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఆడియాలజిస్టు (వినికిడి పరీక్షలు చేసే నిపుణుడు) నా భార్యను కూడా కూర్చోబెట్టి ఆ ఆడియోగ్రామ్ గీతను చూపించి వివరించిన తర్వాత ఇంటి పద్ధతులు మారాయి. ముందు పేరు పెట్టి పిలుస్తారు, నేను తిరిగి చూశాకే విషయం చెబుతారు. మిక్సీ నడుస్తుండగా వంటగదిలోంచి ఎవరూ ఏమీ అడగరు. నాకు అందనప్పుడు అదే వాక్యాన్ని మళ్ళీ చెప్పకుండా మాటలు మార్చి చెబుతారు. నేను వేసుకున్న మందులన్నిటికంటే ఈ మార్పే నాకు ఎక్కువ మేలు చేసిందని నా అభిప్రాయం. ఆఫీసులో మీరు కూడా మీ బృందానికి విషయం చెప్పి, కాల్స్‌లో క్యాప్షన్లు ఆన్ చేసుకోండి.

మందుల గురించి రెండు మాటలు చాలు. హోరును పోగొడుతుందని నిరూపితమైన మాత్ర ఏదీ లేదు. జింకో బిలోబా అనే మొక్క మందు, జింక్ వంటివి వాడవద్దనే అమెరికా చెవి ముక్కు గొంతు వైద్యుల సంఘం 2014లో సూచించింది. ఆధారం బలంగా ఉన్నది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీకి, అంటే ఆలోచనా తీరును మార్చే మానసిక చికిత్సకు; అది శబ్దాన్ని తగ్గించదు, శబ్దం కలిగించే ఆందోళనను తగ్గిస్తుంది.

హోరు పోగొడతామనే మందులతో నిశ్శబ్దాన్ని కొనడానికి ఖర్చు పెట్టే డబ్బు వినికిడి మీద పెట్టమని నేను అందరికీ చెబుతాను. వినికిడి లోపం తేలితే చెవి మిషన్‌కు మొహమాటపడవద్దు. లోపలికి చేరే ధ్వని పెరిగితే చాలామందికి హోరు కూడా వెనక్కి తగ్గుతుంది. అయితే కళ్ళజోడులా పెట్టుకోగానే పనిచేసే వస్తువు కాదది. మొదటి వారాల్లో ఆటో హారన్లు, గిన్నెల చప్పుడు, నా సొంత గొంతు కూడా నాకు పరాయిగా అనిపించాయి. మళ్ళీ మళ్ళీ వెళ్ళి ప్రోగ్రామింగ్ మార్పించుకోవాలి, కొనే ముందు ఇంటికి తీసుకెళ్ళి వాడి చూసే అవకాశం ఇవ్వమని అడగాలి. వేసవి చెమటకూ వానాకాలం తేమకూ సిలికా జెల్ ఉన్న డబ్బాలో రాత్రిపూట ఉంచాలి. ఇరానీ హోటల్లో కూర్చుంటే గోడకు వీపు ఆనించి, మాట్లాడేవారిని ఎదురుగా కూర్చోబెట్టుకోవాలి, అక్కడి కప్పు సాసర్ల మోత అప్పుడు కొంత భరించగలుగుతాం. తక్కువ ఆదాయం, 40 శాతం వైకల్య ధ్రువపత్రం ఉన్నవారికి వికలాంగులకు సహాయ పరికరాలు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద యంత్రాలు ఇస్తారు. కార్ఖానాల్లో పనిచేసే చదువరులు ఎవరైనా ఉంటే, మోత వల్ల వచ్చే వినికిడి లోపం చట్టం గుర్తించిన వృత్తి వ్యాధుల జాబితాలో ఉందని గుర్తుంచుకోండి.

రాత్రి సంగతి మీరు ప్రత్యేకంగా రాశారు. పూర్తి నిశ్శబ్దంలో హోరు పెరిగినట్టు అనిపిస్తుంది. ఎండాకాలం సీలింగ్ ఫ్యాన్ ఆ పని చూసుకుంటుంది. డిసెంబరు చలిలో నేను టేబుల్ ఫ్యాన్‌ను గోడవైపు తిప్పి పెట్టుకుంటాను. హోరును ముంచెయ్యాలని చూడకుండా, దానికంటే కొంచెం తక్కువ స్థాయిలోనే ఆ చప్పుడు ఉంచడం మంచిది. ఇయర్‌ఫోన్లతో మాత్రం ఆ పని చేయవద్దు.

ఊరేగింపుకు వెళ్ళవచ్చు, కానీ చెవులు కాచుకుని. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు హద్దు అనుకుంటే, పెరిగిన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర మీకున్నది 15 నిమిషాలే. డీజే పెట్టెల ముందు, తీన్‌మార్ డప్పుల మధ్య ఈ స్థాయి సులువుగా దాటుతుంది. ఆరుబయట దూరం రెట్టింపైతే మోత సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది కాబట్టి వాహనాన్ని ముందుకు పోనిచ్చి వెనక నడవండి. మందుల షాపుల్లో దొరికే ఫోమ్ ప్లగ్గులను వేళ్ళతో సన్నగా నలిపి, రెండో చేతిని తల వెనకనుంచి తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి దోపి, అవి ఉబ్బేవరకు అర నిమిషం పట్టుకోవాలి. సగం బయటికి కనబడుతుంటే అవి సరిగా కూర్చోలేదని అర్థం. ఈలోగా మీ ఆడియోగ్రామ్ ప్రతులు జాగ్రత్తగా దాచుకుని, మూడు నెలల తర్వాత తీయించే పరీక్షతో పోల్చి చూడమని వైద్యుణ్ణి అడగండి.