గూబ జగ్గులు కొనబోతున్న అమ్ములుకి

అమ్ములూ,

నువ్వు పాత మజోలికా జగ్గులు, అదే మెరిసే రంగుల పూత వేసిన మట్టి జగ్గులు, కొని అమ్మే పని మొదలుపెడుతున్నావని, అవీ గుడ్లగూబ బొమ్మలవేనని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నవ్వొచ్చింది, గర్వంగానూ అనిపించింది. ఇన్నేళ్ళుగా ఇంగ్లండ్‌లోని స్టోక్‌లో, ఆ జగ్గులు పుట్టిన ఊళ్ళోనే ఉండి నేను చేయని పని నువ్వు కవెంట్రీ నుంచి చేస్తున్నావు! ఆ వెంటనే మీ అమ్మ ఇంకో మాట అంది. ఫొటోలు బాగా రావాలని వాటిలో నిమ్మరసం పోసి తీస్తావట. ఇక నాకు రాత్రంతా నిద్ర లేదు.

ముందు వ్యాపారం సంగతులు. సంతకి తెల్లారకముందే వెళ్ళు. డబ్బు చిల్లరగా పెట్టుకో. జగ్గు చేతికి రాగానే, మనం కుండ కొనేటప్పుడు చేస్తామే, అలా వేలితో కొట్టి విను. ఖంగుమంటే సరే, బొంగురుగా పలికితే ఎక్కడో పగులుంది. గూబకి ముందు ముక్కు విరుగుతుంది, తర్వాత చెవుల కొసలు. అతికించి రంగేసినచోట అల్ట్రావయొలెట్ టార్చ్ వేస్తే తేడా తెలుస్తుంది.

జగ్గు అడుగున ఉండే ముద్రల గురించి నీకు చెప్పక్కర్లేదనుకుంటా. డిజైన్ రిజిస్టర్ చేయించినట్టు చూపే డైమండ్ ఆకారం ముద్ర 1842 నుంచి 1883 దాకా, 1884 నుంచి రిజిస్టర్ నంబర్లు. ‘ఇంగ్లండ్’ అని ఉంటే సాధారణంగా 1891 తర్వాతది. అసలు ముద్రే లేని పాత జగ్గులు బోలెడు, వాటిని తీసిపారేయకు. కొమ్మ మీద గూబ, పక్కన జపాన్ విసనకర్ర ఉండే జగ్గు కనిపిస్తే కాసేపు ఆగి చూడు. అప్పట్లో ఇక్కడివాళ్ళకి జపాన్ మోజు పట్టింది, ఆ పిచ్చిలో పుట్టిన డిజైన్ అది.

ఇప్పుడు అసలు విషయం.

1986లో ఒక సంతలో పన్నెండు పౌండ్లకి గూబ జగ్గు కొన్నాను. గోధుమరంగు ఈకలు, పసుపు కళ్ళు, లోపల నీలాకాశం రంగు మెరుపు. అప్పుడే రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తగారు దాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. “గుడ్లగూబ ఇంటి మీద వాలితేనే కీడంటారు, నువ్వు కొని తెచ్చావా?” అన్నారు. బెంగాలీలకి అది లక్ష్మీదేవి వాహనం అత్తయ్యా అని నవ్వేశాను. మీ అక్కకి అప్పుడు మూడేళ్ళు. దానికి ఆ జగ్గులో పోస్తే తప్ప ఏదీ దిగేది కాదు. నిమ్మకాయ నీళ్ళు, మజ్జిగ, అన్నీ “గూబ నీళ్ళే”. వేసవంతా పోశాను. తెలివితక్కువదాన్ని, ఏకంగా రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని.

నాలుగు నెలలకి కడుగుతుంటే లోపల అడుగున మెరుపు పోయి, చేత్తో రాస్తే సుద్దలా గరుకుగా తగిలింది. కుండల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన పక్కింటి ముసలాయనకి చూపించాను. ఆయన జగ్గు అందుకోకుండానే “ఇందులో ఏం పోశావు?” అన్నాడు. ఆ పాత గ్లేజులో, అంటే పైన మెరిసే పూతలో, సీసం ఉంటుంది, పులుపు తగిలితే దిగుతుంది. జగ్గుల్ని ఆ గ్లేజులో ముంచే పనివాళ్ళకి సీసం ఎక్కి రోగాలొస్తుంటే 1890లలో ప్రభుత్వమే విచారణ చేయించింది. ఆ సీసాన్ని నేను నా చేతులతో గ్లాసులో పోసి నా బిడ్డకిచ్చాను.

రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఎవరం మాట్లాడుకోలేదు. సీసం ఉండాల్సిన దానికంటే ఎక్కువే ఉంది. కొన్ని నెలలకి తగ్గింది. మీ అక్క బాగానే ఉంది, నీకు తెలుసుగా, నన్ను గదమాయించేంత బాగా. అత్తగారు మాత్రం ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. ఆవిడ భయపడ్డ కీడు వేరు, వచ్చింది వేరు, అయినా ఆ రోజు నవ్వినందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అందుకే చెబుతున్నా, ఫొటోకైనా సరే, చుక్క పోయకు. నీ బుడ్డోడు ఏది కనిపిస్తే అది నోట్లో పెట్టుకునే వయసులో ఉన్నాడు, రంగు పెచ్చులు లేచిన జగ్గులు కింది అరల్లో ఉంచకు. కొనేవాళ్ళకి కూడా అలంకరణకే అని రాసివ్వు. అమ్మకం పోతుందంటావా, పోనీ. అరుస్తున్నానని అనుకోకు తల్లీ, నీ మీద కోపం కాదు.

క్రిస్మస్ సెలవులకి వస్తావుగా, నా జగ్గు తీసుకెళ్ళు. అమ్ముకుంటావో దాచుకుంటావో నీ ఇష్టం. లోపల మీ పెదనాన్న అతికించిన చీటీ ఒకటుంది, “తాగకూడదు” అని తెలుగులో. కాగితం పసుపుపచ్చగా అయిపోయింది కానీ అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. దాన్ని మాత్రం పీకకు.

నీ పెద్దమ్మ