గ్లైడర్‌లో ఏం పెట్టించుకోవాలని అడిగావు కదా

బాబూ,

గ్లైడర్‌లో, అంటే ఇంజన్ లేకుండా గాలిలో తేలే విమానంలో, ఇంకోటి ఢీకొనకుండా హెచ్చరించే పరికరాలున్నాయి కదా, ఉన్న డబ్బుకి ఒక్కటే వస్తుంది, ఏది కొనమంటావు బాబాయ్ అని రాశావు. ధర సంగతి తర్వాత చూద్దాం. నువ్వు ఎగిరే చోట నీ చుట్టూ ఏవి తిరుగుతున్నాయో, వాటిలో ఏం బిగించి ఉందో ముందు కనుక్కో, ఎందుకంటే ఒక రకం పరికరం పంపేది ఇంకో రకానికి వినపడకపోవచ్చు.

థర్మల్‌లో, అంటే పైకి లేచే వేడి గాలిలో, నీతో చుట్లు కొట్టేవి ఎక్కువగా గ్లైడర్లే అయితే ఫ్లార్మ్ తీసుకో. 2004లో స్విట్జర్లాండ్‌లో మొదలైంది, గ్లైడర్ల కోసమే పుట్టింది. జీపీఎస్‌తో, గాలి పీడనంతో నీ దారి లెక్కగట్టి రేడియోలో చెబుతుంది, అవతలివాడి దారి కూడా విని, రెండూ కలిసేలా ఉంటేనే మోగుతుంది. పక్కన ఎవరున్నా మోగే పరికరమైతే థర్మల్‌లో పది నిమిషాలకే విసుగొచ్చి కట్టేస్తావు.

జెట్లు వచ్చే దారి దగ్గర ఎగిరితే మాత్రం ఇది చాలదు. వాటిలో ఉండే టీక్యాస్ అనే హెచ్చరిక పరికరం రేడియోలో ప్రశ్న అడుగుతుంది, దానికి జవాబిచ్చే పెట్టె ట్రాన్స్‌పాండర్, టీక్యాస్ ఆ జవాబునే వింటుంది. నువ్వెక్కడున్నావో రేడియోలో చాటే, చేత్తో పట్టుకెళ్ళే చిన్న ఏడీఎస్-బీ పెట్టెలు చవకే, చుట్టుపక్కల వాటిని వినగలిగే చిన్న విమానాలకు నిన్ను చూపిస్తాయి కూడా, కానీ టీక్యాస్ అడిగే ప్రశ్నకు అవి బదులివ్వవు. 2006 ఆగస్టులో అమెరికాలో నెవాడాలోని మిండెన్ దగ్గర ఒక బిజినెస్ జెట్, ఒక గ్లైడర్ ఢీకొన్నాయి. గ్లైడర్‌లో ట్రాన్స్‌పాండర్ ఉంది, బ్యాటరీ మిగుల్తుందని ఆన్ చేయలేదు. గ్లైడర్ పైలట్ పారాచూట్‌తో దూకాడు, జెట్ చక్రాలు దిగకుండానే నేల మీదికి వచ్చింది, అందరూ బతికారు. నీకు ట్రాన్స్‌పాండర్ ఉంటే పెద్ద బ్యాటరీ కొనుక్కో నాన్నా, దాన్ని మాత్రం కట్టేయకు.

ఇక బిగించడం. అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే. నేను ఫ్లార్మ్ యాంటెన్నాని గ్లైడర్ ఒంటి కార్బన్ ఫైబర్ వెనక పెట్టి ఒక సీజన్ మొత్తం ఎగిరాను, దీపాలన్నీ వెలుగుతున్నాయి కాబట్టి అంతా బాగుందనుకున్నాను. ఒకరోజు కుడి పక్క కింద నుంచి ఒక గ్లైడర్ పైకి వచ్చింది, దాని పైలట్ టోపీ రంగు కూడా కనిపించింది, నా పెట్టె కిక్కురుమనలేదు. దిగాక ఫ్లైట్ ఫైలుతో, అంటే పెట్టె దాచుకున్న ఆ ప్రయాణం రికార్డుతో, రేంజ్, అంటే ఎటు ఎంత దూరం వినపడుతుందో, చూస్తే కుడివైపు దాదాపు ఏమీ వినపడటం లేదు. కార్బన్ సిగ్నల్‌ని అడ్డుకుంటుంది. యాంటెన్నాని ప్యానెల్ పైన, నిటారుగా, చుట్టూ ఖాళీ ఉండేలా పెట్టించు. ట్రాన్స్‌పాండర్ కూడా ఉంటే రెండింటిలో ఒకే ఐకావో కోడ్, అంటే విమానాన్ని గుర్తుపట్టే నంబరు, వేయాలి, లేకపోతే నీ గ్లైడరే నీకు శత్రువులా కనిపించి మోగుతూ ఉంటుంది. ఫర్మ్‌వేర్, అంటే పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్, ఏడాదికోసారి తప్పకుండా మార్చు.

ఫ్లార్మ్ మోగినప్పుడు తెర వైపు చూస్తూ ఉండిపోకు. ఎటు తిరగాలో అది చెప్పదు, అవతలివాడు ఎటున్నాడో మాత్రమే చూపిస్తుంది. ఎదురెదురుగా చెరో రెండు వందల కిలోమీటర్ల వేగంతో వస్తుంటే ఒక కిలోమీటర్ దూరం తొమ్మిది సెకన్లలో అయిపోతుంది. కానపీలో, అంటే నీ తల మీది అద్దం మూతలో, కదలకుండా ఒకే చోట నిలిచి పెద్దదవుతున్న చుక్కే నిన్ను గుద్దేది. అసలు ఏ పరికరమూ లేని గ్లైడర్లు కూడా ఉంటాయి, వాటిని నీ కళ్ళే పట్టుకోవాలి.

బిగించాక రెండు మూడుసార్లు ఎగిరి ఆ ఫ్లైట్ ఫైలు నాకు పంపు, రేంజ్ నేను చూస్తాను. అప్పటిదాకా కిక్కిరిసిన థర్మల్స్‌లోకి వెళ్ళకు.

నీ బాబాయ్